దేశం అడిగితే

ముఖ్య అతిథిగారు బయలుదేరారట, దారిలో ఉన్నారట, ఇదిగో వచ్చేస్తున్నారట. మైకులో ఈ మాట వచ్చినప్పుడల్లా శామియానా చివర సగం నీడలో, సగం ఎండలో కూర్చున్న స్కూలు పిల్లలు చప్పట్లు కొడుతున్నారు, కొట్టమని ముందే చెప్పారు కనక. ఆయన కోసం వేసిన పెద్ద కుర్చీ మీద తెల్ల టర్కీ తువ్వాలు పరిచి ఉంది. దాని పక్క కుర్చీ నాది. నాకు తువ్వాలు లేదు, ఎర్ర మఖమలు తొడుగు ఉంది. ఆగస్టు ఉక్కకి అది చీరకీ, చీర వీపుకీ అంటుకుపోయి, కదిలితే జనమంతా చూస్తారేమోనని కదలకుండా కూర్చున్నాను. చనిపోయిన సైనికుడి భార్య వేదిక మీద ఎలా కూర్చోవాలో ఈ ఆరేళ్ళలో నేర్చుకున్నాను. నవ్వకూడదు. మరీ ఏడుపు మొహమూ పెట్టకూడదు. చేతులు ఒళ్ళో, చూపు ఎదురుగా కాస్త పైకి, ఎవరి కళ్ళలోకీ సూటిగా పోకుండా, దూరంగా ఏదో గొప్పది కనిపిస్తున్నట్టు. దూరంగా నాకు కనిపిస్తున్నది ఉల్లిపాయల బస్తాలు దింపుతున్న లారీ. పండగ రోజైనా, జెండా రోజైనా ఉల్లిపాయలకి సెలవుండదు ఈ ఊళ్ళో. కోడలిగా తాడేపల్లిగూడెం వచ్చిన కొత్తలో, ఇక్కడ గాలికే తాలింపు పెట్టినట్టుందేంటండీ అని నేనంటే మా ఆయన నెల్సన్ పగలబడి నవ్వాడు, నవ్వి వాళ్ళమ్మ సారమ్మగారిని పిలిచి మరీ చెప్పాడు, ఆవిడ నవ్వలేదు, అప్పుడు నేనూ నెల్సనూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుని ఇంకా నవ్వాం.

నెల్సన్ ఇప్పుడు నా కుడివైపు, పసుపు పట్టుగుడ్డ కింద ఉన్నాడు. ఛాతీ వరకే ఉన్న విగ్రహం, సిమెంటు దిమ్మె మీద నిలబెట్టారు. నేను ముందే చూశాను. ఈ కార్యక్రమమంతా వర్తక సంఘం అధ్యక్షుడు ఆంజనేయప్రసాద్ గారి చేతిమీదుగా జరుగుతోంది. పోయిన వారం ఆయన నన్ను ఏలూరు నుంచి పిలిపించి, శిల్పి షెడ్డుకి తీసుకెళ్ళారు. గుడ్డ తీయగానే నేనడిగిన మొదటి మాట, ఇదెవరండీ అని. మీసం. కొసలు పైకి మెలితిరిగిన మీసం. నెల్సన్‌కి మీసం లేదు. పెళ్ళికి ముందోసారి పెంచితే ఎడమవైపు సరిగ్గా మొలవలేదని తీసేసి, మళ్ళీ ఆ జోలికి పోలేదు. ఆ సంగతి చెబితే ఆంజనేయప్రసాద్ గారు నొచ్చుకున్నారు.

"ఫొటో నేనే ఇచ్చాను కదండీ టీచర్ గారూ, నాకూ తెలుసండీ. కానీ దారినపోయే పిల్లాడు చూడగానే సైనికుడని తెలియాలి కదండీ. మీసం లేకపోతే బ్యాంకు మేనేజరు గారిలా ఉన్నారండీ, ఏమనుకోకండి."

నేనేమీ అనుకోలేదు. నిజంగా అలాగే ఉండేవాడు. సెలవుకి వచ్చినప్పుడు కళ్ళజోడు పెట్టుకుని కరెంటు బిల్లు చూస్తుంటే అచ్చు బ్యాంకు మనిషే. ఆంజనేయప్రసాద్ గారు చెడ్డవారు కాదు. చందాలు పోగుచేశారు, మునిసిపాలిటీ చుట్టూ తిరిగారు, ఈ చిన్న పార్కులో జాగా సంపాదించారు. నెల్సన్ ఎవరో ఆయనకి తెలియదు, తెలుసుకోవాలని ఎప్పుడూ అనిపించినట్టు లేదు, అయినా అతని కోసం ఇంత తిరిగారు. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఉంటాయో ఆలోచిస్తుంటే నాకు తల తిరుగుతుంది. ఆ షెడ్డు బయటే, చెప్పులేసుకుంటూ ఆయన అడిగారు. ఎక్కువ మాట్లాడక్కర్లేదండీ, మీకు కష్టం, మాకు తెలుసు, ఒక్క మాట చాలండీ అన్నారు. "దేశం అడిగితే నా బిడ్డని కూడా ఇస్తాను. అంతేనండీ. నమస్కారం పెట్టేసి కూర్చోండి. చప్పట్లు ఎలా ఉంటాయో చూడండి. మీవాళ్ళు కూడా దేశానికి ఎంత చేస్తున్నారో జనానికి తెలియాలండీ."

మీవాళ్ళు కూడా. ప్రేమగానే అన్నారు. అందులో అనుమానం లేదు, అదే బాధ. నేను ఏలూరులో ఒక స్కూల్లో తెలుగు చెబుతాను. 'కూడా' అన్న మాట ఎక్కడ పెడితే ఏమవుతుందో బోర్డు మీద రాసి చూపించడం నా పని. రాముడు వచ్చాడు. రాముడు కూడా వచ్చాడు. రెండో వాక్యంలో కొత్తగా ఏం తెలిసిందర్రా అంటే, ముందింకెవరో వచ్చారండీ టీచర్ అంటారు పిల్లలందరూ. ఒకసారి ఒకమ్మాయి మాత్రం, రాముడు వస్తాడని ఎవరూ అనుకోలేదండీ అంది. నేను సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయాను. రాడనుకున్నవాడు వచ్చినట్టు. మా ఊళ్ళో చర్చి కట్టకముందు నుంచీ మావాళ్ళు ఈ నీళ్ళలో, ఈ బురదలో పనిచేస్తున్నారు, ఈ మట్టిలోనే కలిసిపోతున్నారు. మేం ఎక్కడ నుంచో వచ్చి తలుపు దగ్గర నిలబడినట్టు ఆ 'కూడా'. ఆయనతో అంటే ఎంత కంగారుపడిపోయేవారో. అయ్యో నేనలా అనలేదండీ అనేవారు. నిజమే, ఆయన అనలేదు, ఆ మాటే అనేసింది, ఆయన నోట్లో ఎప్పటినుంచో ఉండి ఉండి.

ఇక రెండో కూడా. నా బిడ్డని కూడా. అంటే మొదటి మనిషిని నేనే ఇచ్చానన్నమాట. నెల్సన్‌ని నేనెవరికీ ఇవ్వలేదు. ఇవ్వడమంటే మన చేతిలో ఉన్నది ఇంకొకరి చేతిలో పెట్టడం. ఈ ఊరి స్టేషన్లో రైలెక్కి, కిటికీ ఊచల్లోంచి, గ్యాస్ బండ బుక్ చెయ్యడం మరిచిపోకు అన్నాడు, అదే ఆఖరుసారి చూడటం. అందులో ఇచ్చినవాళ్ళూ పుచ్చుకున్నవాళ్ళూ ఎవరు? దేశం అడిగితే అంటున్నారు. ఎవరి నోటితో అడుగుతుంది దేశం? మైకులోనా, టీవీలోనా? అడిగినప్పుడు ఎందుకని తిరిగి అడగొచ్చా, లేక అడిగిందే తడవు ఇచ్చేస్తేనే ప్రేమ ఉన్నట్టా? కన్నతల్లి అడిగినా ఎందుకమ్మా అంటామే. నెల్సన్ ఉంటే ఈ ముక్క పట్టుకుని సాయంత్రమంతా గడిపేవాడు. అతను దేశాన్ని ప్రేమించలేదా అంటే, ప్రేమించాడు. కాకపోతే అతనికి దేశమంటే రోడ్లు. ఎక్కడ కొండదారి ఎక్కేటప్పుడు ఎదుటి లారీవాడు లైట్లు తగ్గిస్తాడో, ఎక్కడ తగ్గించడో, ఏ ఊరి మలుపులో టీ బావుంటుందో. కొండల్లో ఎక్కడో ఒక ముసలమ్మ టీ కొట్టు ఉండేదట. ఆవిడ రోజూ గవర్నమెంటుని నోటికొచ్చినట్టు తిడుతుంది, అదే నోటితో ఈ సైనికుల్ని బేటా అని పిలిచి రోజూ టీ ఇస్తుంది, మంచు కురిస్తే డబ్బులు వద్దంటుంది. ఆవిడ దేశభక్తురాలా కాదా చెప్పు షారోన్ అని అడిగాడొకసారి. పెరట్లో రొయ్యలు ఒలుస్తున్నాం. నేను కాదంటే అవునని, అవునంటే కాదని వాదించాడు, చీకటి పడిపోయింది, రొయ్యల చుట్టూ పిల్లి తిరిగింది, ఏదీ తేలలేదు. తేలకపోయినా ఎంత బావుందో. అలాంటి ప్రశ్న వేసి నవ్వే మనిషి మళ్ళీ నాకు దొరకలేదు. అందరి దగ్గరా జవాబులే ఉన్నాయి. ఫోను తెరిస్తే జవాబులు, స్కూలు స్టాఫ్ రూములో జవాబులు. ప్రశ్నించేవాడు ద్రోహి అని పొద్దున్నే ఒక బొమ్మ, దాని చుట్టూ గులాబీలు, కింద శుభోదయం.

మైకులో పాట ఆపి మళ్ళీ చెప్పారు. దగ్గరలోనే ఉన్నారట. పిల్లలు చప్పట్లు. ఒక పిల్ల చప్పట్లు కొడుతూ ఆవలించింది.

చిన్నప్పటి నుంచీ నాకిదే జబ్బేమో. మాది కొల్లేరు లంకల్లో ఒక ఊరు. గవర్నమెంటు వాళ్ళు సరస్సులో వేసిన చేపల చెరువుల గట్లు తెగ్గొట్టిన ఏడాది నేను ఏలూరులో డిగ్రీ చదువుతున్నాను. ఇంటికి వెళ్తే ఊరి మొదట్లో రెండు బ్యానర్లు. ఒకదాని మీద కొల్లేరుని కాపాడండి. ఇంకోదాని మీద కొల్లేరు ప్రజలని కాపాడండి. రెండూ ఒకే పెయింటరు రాసినవి, అక్షరాల తోకలు చూస్తే తెలుస్తోంది. మా నాన్న యాకోబు, సొసైటీ చెరువులో చిన్న వాటా ఉన్నవాడు, మోకాలి లోతు బురదలో నిలబడి, గండిలోంచి చేపలు పోతుంటే చూస్తున్నాడు. ఆ రెండు బ్యానర్లూ ఆయన నోటి మాటలే. చెరువులొచ్చాక నీళ్ళు పచ్చబడి కంపు కొడుతున్నాయని, తన చిన్నప్పుడు ఆకాశం కనపడకుండా వచ్చే గూడబాతులు ఇప్పుడు లెక్కకి దొరుకుతున్నాయని ఆయనే అనేవాడు. ఆ చెరువు మీదే నాకు పుస్తకాలు కొన్నాడు. మనం ఎటువైపు నాన్నా అని అడిగాను. నీళ్ళలో ఉన్నాం కదమ్మా, ఏ వైపని చెప్పను అన్నాడు. రెండు పక్షాలవాళ్ళూ వచ్చి ఆయన్ని తమ బ్యానరు ముందు నిలబడమన్నారు. రెండు మాటలూ కలిపి చెబుతానంటే మాత్రం ఎవరూ మైకు ఇవ్వలేదు. ఆ తర్వాత ఆయన రాజకీయం మాట్లాడటం మానేశాడు, క్రమంగా అసలు మాట్లాడటమే తగ్గించేశాడు. పోయేటప్పటికి రోజుకి నాలుగు మాటలు, అవీ అన్నం గురించి. నా గొంతులో కూడా అలాగే ఏదో గడ్డ కడుతోందని ఈ మధ్య అనిపిస్తోంది. ఇంట్లో మా అమ్మాయి బ్లెస్సీ నిద్రపోయాక గోడలతో మాట్లాడాలన్నా ఏ మాట మొదలుపెట్టాలో తెలియదు.

అటువైపు కాకపోతే ఇటువైపు వెళ్ళి చూద్దామని వెళ్ళాను కూడా. ఏలూరులో సుకుమార్ గారని లెక్చరరు, మా చర్చికే వస్తారు, బాగా చదువుకున్నాయన. గవర్నమెంటుని నిలదీసేవాళ్ళ సభ ఒకటి పెట్టి పిలిచారు. ఆయన దగ్గరైనా మనసు విప్పి మాట్లాడొచ్చనుకున్నాను. నన్ను వేదిక మీద కూర్చోబెట్టి, "పాలకుల చదరంగంలో బలైపోయిన ఒక పావు, ఆ పావు భార్య ఈమె" అని పరిచయం చేశారు. చప్పట్లు. ఇక్కడి చప్పట్లూ అక్కడి చప్పట్లూ వింటే తేడా తెలియదు. సభయ్యాక పక్కకి పిలిచి, అలా అనకండి సార్, ఆయనకి ఆ ఉద్యోగం ఇష్టమండీ, బండంటే ప్రాణమండీ అని చెప్పాను. సుకుమార్ గారు ఎంతో జాలిగా చూశారు. "అదేనమ్మా వాళ్ళ ఎత్తు. ఇష్టమని మనకే అనిపించేలా చేస్తారు" అన్నారు. అంటే నా మొగుడి ఇష్టం నా మొగుడిది కూడా కాదన్నమాట. ఒకాయన మీసం పెట్టాడు, ఇంకొకాయన మెదడు తీసేశాడు. ఇద్దరూ మంచివాళ్ళే. ఇద్దరికీ నెల్సన్ కావాలి, మధ్యలో నెల్సన్ లేడు. ఆ రోజు ఏలూరు కాలవ గట్టు మీద నడుచుకుంటూ ఇంటికి వచ్చాను, దారంతా అతనికి చెప్పుకుంటూ, చూశావా నిన్నేమన్నారో అని. చెప్పడం అయిపోయాక ఇల్లొచ్చింది, తాళం తీయాల్సి వచ్చింది.

బ్లెస్సీ ముందు వరుసలో ఉంది. పదో తరగతి. ఎన్.సి.సి. పిల్లల్ని ఏలూరు నుంచి వ్యానులో తీసుకొచ్చారు, ఇది నాతో బస్సులో వచ్చింది, యూనిఫాం ఇస్త్రీ చెడుతుందని సీటుకి ఆనుకోకుండా నిటారుగా కూర్చుని. ఇప్పుడూ అలాగే కూర్చుంది, టోపీ కింద చెవులు ఎర్రగా. పొద్దున్న బస్సులో నాకు పాఠం చెప్పినట్టు చెప్పింది.

"ఇస్తాను దగ్గర ఆగాలమ్మా. గబగబా కూర్చోకు. ఆగితేనే చప్పట్లు కొడతారు."

"నిన్ను ఇచ్చేస్తానంటే నీకేం అనిపించదా?"

"నిజంగా ఇస్తావా ఏంటి. అది అనే మాట, అంతే. కానీ నువ్వనాలి. మా ఫ్రెండ్స్ అందరికీ చెప్పాను."

పదిహేనేళ్ళకే దానికి తెలిసిపోయింది, కొన్ని మాటలు అనడానికే ఉంటాయని, వాటికి లోపల ఏమీ ఉండనక్కర్లేదని. నాకు ముప్ఫై ఎనిమిదేళ్ళొచ్చినా తెలియలేదు. అయినా దాన్ని ఏమనగలను? నెల్సన్ పోయినప్పుడు దానికి తొమ్మిదేళ్ళు. ఏడాదికి రెండు నెలలు ఇంట్లో కనిపించే మనిషి, అన్నీ కలిపితే ఎంత? భుజాల మీద ఎక్కించుకోవడం గుర్తుందట, మొహం గుర్తులేదట, ఫొటో చూస్తేనే గుర్తొస్తుందట. నా దగ్గర రొయ్యలొలిచిన మనిషి, కరెంటు బిల్లు చూసి నిట్టూర్చిన మనిషి, నిద్రలో గేర్లు మార్చిన మనిషి ఉన్నాడు. దాని దగ్గర ఉన్నది అమరవీరుడు అన్న ఒక్క మాట. దాని చుట్టూనే తండ్రిని కట్టుకుంది. ఆ మాట ఖాళీ అని ఇప్పుడు నేను అందరి ముందూ తీసేస్తే దానికింక ఏం మిగులుతుంది? పోనీ అనేద్దాం. ఒక్క వాక్యం. నోటితో అనడానికి ఏం పోయింది? రోజూ తరగతిలో నేను నమ్మని పద్యాలు ఎన్ని చెప్పడంలేదు? దేశం, అడిగితే, నా బిడ్డని. అనుకుంటూనే నాలుక ఎండిపోతోంది. మంచినీళ్ళ సీసా ముఖ్య అతిథి కుర్చీ ముందే ఉంది, ఆయన రాకుండా తీసుకోకూడదేమో.

కార్లన్నీ ఒక్కసారిగా హారన్ కొట్టుకుంటూ వచ్చేశాయి. దండలు, ఫొటోలు, తోపులాట. ముఖ్య అతిథిగారు నాకు నమస్కారం పెట్టి, నా మొహం చూడకుండానే తువ్వాలు మీద కూర్చున్నారు. ఆలస్యమైంది కనక అన్నీ త్వరగా కానిచ్చేయాలట. వ్యాఖ్యాత విజయ్ కుమార్, మంచి గంభీరమైన గొంతు, నా పేరు పిలుస్తున్నాడు. వీరమాత అంటున్నాడు, వీరపత్ని అంటున్నాడు, ఎవరినో అనుకున్నాను ఒక క్షణం. లేచాను. చీర వీపు నుంచి ఊడొచ్చింది. మైకు నా ఎత్తుకి కిందికి వంచారు. బ్లెస్సీ రెండు చేతులూ ముందే పైకి తెచ్చి పెట్టుకుంది, చప్పట్లకి సిద్ధంగా.

"అందరికీ నమస్కారమండీ" అన్నాను. నా గొంతు పార్కు చివరి నుంచి తిరిగొచ్చింది. "నన్నొక మాట చెప్పమన్నారండీ. బస్సులో నేర్చుకుంటూనే వచ్చాను. కానీ అది నాకు రావట్లేదండీ."

ముందు వరుసలో ఎవరో ఆడవాళ్ళు అయ్యో అన్నారు.

"మా ఆయన సైన్యంలో లారీ డ్రైవరండీ. ఆ రోజు బండిలో ఉన్నది బంగాళాదుంపలు, పాలపొడి. పైన కొండ మీద ఉన్నవాళ్ళకి తిండండీ. వానకి రోడ్డు అంచు మెత్తబడిపోయింది. వెనక చక్రం కుంగడం ఈయనకి స్టీరింగులో తెలిసిందట. పక్కన జయంత్ అని రెండో డ్రైవరు ఉన్నారండీ. దూకెయ్యి జయంతూ అని అరిచాడట. ఆయన దూకారు, బతికారు, మా ఇంటికొచ్చి నేల మీద కూర్చుని ఇదంతా చెప్పారు. ఈయన దూకలేదు. స్టీరింగు వదిలితే బండి ఆ దూకినాయన మీదికే దొర్లేదటండీ. ఈయన చివరిగా అన్న మాట అదేనండీ. దూకెయ్యి అని. అది దేశం కోసమో కాదో నాకు తెలియదండీ. పక్కన మనిషున్నాడు, అంతే."

నేను ఇంకా మాట్లాడుతున్నానని నాకే ఆశ్చర్యంగా ఉంది. ఆంజనేయప్రసాద్ గారు చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటున్నారు. బ్లెస్సీ వైపు చూడలేదు, చూస్తే ఆగిపోతాను.

"దేశం అడిగితే నా బిడ్డని ఇస్తానని చెప్పమన్నారండీ. నేనివ్వనండీ. ఇవ్వడానికి అది నా సొమ్ము కాదండీ. పెద్దయ్యాక వెళ్తానంటే అదే వెళ్తుంది. కానీ అడిగినవాళ్ళు ఎవరో, ఎందుకో, నేను ముందు అడుగుతాను. అలా అడిగితే ప్రేమ లేనట్టు కాదండీ. ఆ రోడ్డు అంచు సంగతి ముందే ఎవరైనా అడిగుంటే బావుండేదని రోజూ అనుకుంటానండీ."

అయిపోయింది. ఎక్కడ ఆగాలో తెలియక ఆగాను. ఒక్క చప్పుడు లేదు. ఉల్లిపాయల లారీ తలుపు ఎవరో వేశారు, అది వినిపించింది. ఆ నిశ్శబ్దంలో నాకొక క్షణం ఊపిరాడింది, అందరూ నెల్సన్‌ని చూస్తున్నారు, దుంపల బస్తాల ముందు స్టీరింగు పట్టుకుని కూర్చున్న మీసం లేని మనిషిని, అనిపించింది. అంతలో విజయ్ కుమార్ చల్లగా నా ముందున్న మైకు అందుకున్నాడు.

"చూశారా! భర్తని తలచుకుని ఆ తల్లి గుండె ఎంతగా తల్లడిల్లిపోయిందో! మాట తడబడితేనేం, ఆ కన్నీటి చుక్కలో ఉన్నది దేశభక్తి కాక మరేమిటి! ఈ రోజు కాదు, రేపు కాదు, దేశం ఎప్పుడు అడిగినా తన బిడ్డని కూడా ఇస్తాననే కదా ఆ మౌనం చెబుతోంది!" సరిగ్గా ఆగాల్సిన చోట ఆగాడు. పార్కంతా చప్పట్లు. నా కళ్ళలో నీళ్ళు లేవు. తడిమి చూసుకున్నాను కూడా. నిజంగా లేవు. కానీ ఇంతమంది చూశాక ఉన్నట్టే లెక్క. ముఖ్య అతిథిగారు శాలువా కప్పారు, ఫొటో తీశారు, పసుపు గుడ్డ లాగారు, మళ్ళీ చప్పట్లు. బురదలో నిలబడ్డ మా నాన్నకి మైకు ఇవ్వకపోవడమే నయమేమో. ఇచ్చి, మనం అన్నది మనతోనే కాదనిపించడం ఇంకా ఒంటరి సంగతి.

దిగుతుంటే మెట్ల దగ్గర ఆంజనేయప్రసాద్ గారు నిలబడి ఉన్నారు. కోప్పడతారనుకున్నాను. పర్లేదండీ, విజయ్ కుమార్ సర్దేశాడండీ అన్నారు. అని, వెళ్ళిపోకుండా, గొంతు తగ్గించి, "నిజంగా దూకెయ్యమనే అన్నారాండీ?" అని అడిగారు.

"అవునండీ."

"మరి ఆ సంగతి నాకెవరూ చెప్పలేదేంటండీ" అన్నారు. మీరెప్పుడూ అడగలేదండీ అనబోయాను, ఈలోగా ఎవరో పిలిచారు, ముఖ్య అతిథిగారు బయలుదేరుతున్నారని. పరిగెత్తారు.

బ్లెస్సీ వ్యానెక్కలేదు. ఫ్రెండ్స్ పిలుస్తున్నా వినిపించనట్టు బస్టాండు దాకా నాకు ముందు నడిచింది. ఏలూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, అద్దానికి తల ఆనించింది. ఇస్త్రీ సంగతి మరిచిపోయినట్టుంది. నేను టిక్కెట్లు తీసుకుని పక్కన కూర్చున్నాను. మా ఇద్దరి మధ్య ఇంకో మనిషి పట్టేంత జాగా వదిలింది, ఉన్నది ఇద్దరి సీటే అయినా. ఉంగుటూరు వచ్చింది, వెళ్ళింది. పొలాల్లో నాట్లయిపోయి నీళ్ళు మెరుస్తున్నాయి.

"అందరి ముందూ నాన్నని లారీ డ్రైవర్ని చేసేశావు" అంది, అద్దంతో అన్నట్టు.

"డ్రైవరే కదమ్మా."

"నాకు తెలుసు. అనక్కర్లేదుగా."

నిజమే, అనక్కర్లేదు. అనకుండా ఉంటే ఇప్పుడు ఫ్రెండ్స్‌తో వ్యానులో పాటలు పాడుకుంటూ వెళ్ళేది. దాన్ని నా ఒంటరితనంలోకి లాక్కొచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నానా, నాకు తోడెవరూ లేరని? ఒక అబద్ధంలో హాయిగా ఉన్న పిల్లని లేపి నిజంలో నిలబెడితే, ఆ నిజం దానికి తండ్రవుతుందా? కైకరం. పుల్ల. బస్సు ఆగినప్పుడల్లా ఎవరో ఎక్కి జెండా గుచ్చుకున్న చొక్కాతో మా ముందు నుంచి వెళ్తున్నారు. నాకు చెప్పుకోవాలని ఉంది, మీ నాన్నకి పాటలు రావని, హిందీ యాసగా మాట్లాడేవాడని, నువ్వు పుట్టినప్పుడు రెండు రోజులు రైల్లో నిలబడి వచ్చాడని. ఏదీ పెదవి దాకా రాలేదు. అది అడగనిదే చెబితే నావీ నినాదాలే అవుతాయి.

భీమడోలు దాటాక బ్లెస్సీ తల తిప్పకుండానే అడిగింది. "ఆ దూకిన అంకుల్ చెప్పాడా ఇదంతా?"

"ఊఁ. నువ్వు చిన్నదానివి అప్పుడు."

టోపీ అంచుని గోళ్ళతో నొక్కుతోంది, వదులుతోంది.

"నాన్నకి భయమేసుంటుందా అమ్మా?"

శవపేటిక ఇంటికొచ్చిన రోజు నాకు గుర్తొచ్చింది. వరండా నిండా మనుషులు. తొమ్మిదేళ్ళ పిల్ల మూతి బిగించి వెక్కబోతుంటే యూనిఫాంలో ఉన్న ఒక పెద్దాయన మోకాళ్ళ మీద కూర్చుని, ఎంతో ముద్దుగా, వీరుడి కూతురు ఏడవకూడదమ్మా, నాన్నకి సెల్యూట్ చెయ్యి అన్నారు. చేసింది. ఆ ఫొటో పేపర్లో వేశారు. ఆ రోజు మింగేసింది, తర్వాత ఎప్పుడూ నా ఎదుట ఏడవలేదు. శ్మశానంలో లేదు, తర్వాత పుట్టినరోజులకి లేదు. ధైర్యంగల పిల్ల అని అందరూ మెచ్చుకుంటే నేనూ మెచ్చుకున్నాను. ఇప్పుడు దీనికేం చెప్పను? వీరులకి భయం ఉండదమ్మా అని చెప్పొచ్చు, తయారుగా ఉన్న జవాబు, పొద్దుటి నుంచీ మైకులో ఎన్నిసార్లు విన్నదో. చెబితే తేలికపడుతుంది, టోపీ మళ్ళీ పెట్టుకుంటుంది. కానీ అది అడుగుతున్నది వీరుడి గురించి కాదు. మొదటిసారి అది వాళ్ళ నాన్న గురించి అడుగుతోంది.

"వేసే ఉంటుంది" అన్నాను. "చాలా వేసుంటుంది, తల్లీ."

అది నా వైపు తిరిగింది. మొహం అలాగే ఉంది కాసేపు, పెదవి ఒక్కటి వణికింది, ఆ తర్వాత ఒక్కసారిగా, పసిపిల్లలా నోరు తెరిచి, గొంతెత్తి ఏడ్చింది. నా భుజంలో తల దూర్చి ఏడుస్తూనే ఉంది, నాన్నా అంటోంది, ఇంకేదో అంటోంది, మాటలు కలిసిపోతున్నాయి. కండక్టరు ఆగి చూశాడు. బస్సులో మాటలన్నీ ఆగిపోయాయి. ముందు సీట్లో ఉన్న పెద్దావిడ వెనక్కి తిరిగి, "ఏమైందమ్మా, ఏమైందండీ పాపకి?" అని కంగారుగా అడిగింది.

"వాళ్ళ నాన్న పోయాడండీ" అన్నాను.